కింద ఏముందో అడగలేదు

ఈ మధ్య ప్లంబింగు పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఏవైనా మెలకువలు చెప్పమని అడుగుతున్నారు. పైపు ఎట్లా కోయాలో, కమోడు ఏ కంపెనీది మంచిదో నేను చెప్పను. అవన్నీ మీ సెల్లులోనే ఉన్నాయి, నాకంటే బాగా చూపిస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళు కర్నూలులో, కడపలో, ఆ తర్వాత మా కమలాపురంలో జనం కూర్చునే లెట్రిన్లు తీసి, కొత్తవి పెట్టి, అడ్డం పడినవి బాగుచేసి బతికాను. మోకాళ్ళు అరిగిపోయాక మానేశాను. ఇన్నేళ్ళలో నేను గట్టిగా నేర్చుకున్నవి రెండు మూడు సంగతులే. వాటిలో ఒకదానికి ఒక పెద్దమనిషి ప్రాణం పోయింది. ఆయన నా మాట విన్నాడు, నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు, చనిపోయాడు. అది రాయడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా పక్క లెట్రిన్లు

మా సీమలో పాత ఇళ్ళ లెట్రిన్లు ఎట్లా కట్టేవాళ్ళో ముందు చెప్పాలి. లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్ళు మావి. చెంబుడు నీళ్ళు పోస్తే పని అయిపోవాలి. గుంట దూరంగా తవ్వి పైపు వేస్తే ఆ చెంబుడు నీళ్ళకు ఏదీ అంత దూరం జారదు, మధ్యలోనే నిలిచిపోతుంది. అందుకని గుంట తవ్వేవాళ్ళు, దాని మీదే కడప బండలు పరిచేవాళ్ళు. బండకు ఒక రంధ్రం కొట్టి, పైన ఇటుకలతో జానెడు ఎత్తు దిమ్మె కట్టి, ఆ దిమ్మెలో గొంతుక్కూర్చునే పాను బిగించేవాళ్ళు. చుట్టూ నాలుగు గోడలు లేపితే లెట్రిన్ అయిపోయింది. బండలకు మా జిల్లాలో ఏం కొదవ? ఏడాది తిరిగేసరికి తాము గుంట మీద కూర్చుంటున్నామన్న సంగతి ఇంట్లోవాళ్ళే మరిచిపోయేవాళ్ళు.

కడప బండ పైనుంచి చూస్తే నల్లగా, నున్నగా, ఇంకో వందేళ్ళు ఉండేటట్టు కనిపిస్తుంది. కింది వైపు మాత్రం గుంటలోని ఆవిరి తగిలి తగిలి పొరలు పొరలుగా రాలిపోతూ ఉంటుంది. మూడంగుళాల బండ ఇరవై ముప్పై ఏళ్ళకు అంగుళం కూడా మిగలదు. పైన దిమ్మె ఉన్నంతకాలం బరువు పక్క గోడల మీదికి పోతుంది కాబట్టి ఎట్లాగో నిలబడి ఉంటుంది. దిమ్మె తీసేస్తే బండ ఒక్కటే మిగులుతుంది.

ఖాజా మేస్త్రి

నాకు పని నేర్పింది కర్నూలు పాత ఊళ్ళో ఖాజా మేస్త్రి. నోరు తెరిస్తే తిట్టే. మంచి మాట ఒక్కటి చెప్పిన పాపాన పోలేదు. కానీ ఆయన చేతి కింద పనిచేసిన వాళ్ళెవరూ కాలు చెయ్యి పోగొట్టుకోలేదు.

నేను చేరిన మొదటి వారమో రెండో వారమో, ఒక పెద్ద రైతు ఇంట్లో పాత పాను తీయడానికి పోయాము. మేస్త్రి బయట బీడీ ముట్టిస్తున్నాడు. నా హుషారు కొద్దీ సమ్మెట ఎత్తుకుని లోపలికి పోయి దిమ్మె మీద నిలబడ్డాను. వెనకనుంచి చొక్కా పట్టి లాగాడు, వెల్లకిలా పడ్డాను. లేచీ లేవకముందే చెంప మీద ఒకటి ఇచ్చాడు.

"అరే బేవకూఫ్! కింద ఏముండాదో తెల్సా నీకు? మీ నాయన వచ్చి చెప్పినాడా?"

గడ్డపార తీసుకుని గడప దగ్గరే నిలబడి నేల మీద తట్టుకుంటూ పోయాడు. టప్, టప్ అన్నంతసేపూ ముందుకు జరిగాడు. దిమ్మె దగ్గర డొమ్మంది. అక్కడ ఆగిపోయాడు. ఆ ఇంటి ఆసామి మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏం సాయిబూ, నేలను నిద్ర లేపుతాండావా?"

మేస్త్రి అడ్డంగా రెండు పలకలు వేసి, వాటి మీద పడుకుని, మూలన బండను ఉలితో కొంచెం కొంచెంగా కొట్టి ఒక ముక్క ఊడదీశాడు. తెచ్చి ఆసామి చేతిలో పెట్టాడు. నా చిటికెన వేలంత మందం ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మనవరాళ్ళు పొద్దున కూడా దాని మీదే కూర్చున్నారంటూ తల పట్టుకున్నాడు. అప్పటికి నవ్వు ఆగింది.

ఆ చెంపదెబ్బ తర్వాత నా చెయ్యి మారిపోయింది. ఎవరి బాత్‌రూములోకి పోయినా ముందు గడ్డపార తీసుకుంటుంది, తట్టుకుంటుంది. నేను ఆలోచించే పనే లేదు. ఆలోచించే పని లేదు కాబట్టే, ఎందుకు తట్టాలో ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కరికి కూడా నోటితో చెప్పలేదు. చేతికి అలవాటైపోయిన పని నోటికి గుర్తుండదు. మేస్త్రి మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. కొట్టి నేర్పాడు గాని మాటల్లో పెట్టి నేర్పలేదు. నేనూ ఆయన మాదిరే తయారయ్యాను.

సొంతంగా చేసుకునేవాళ్ళు

మనవాళ్ళలో ఒక జబ్బుంది. ఎవరైనా ఇంట్లో కమోడు సొంతంగా మార్చుకున్నారంటే ఎగతాళి చేస్తారు. కడపలో ఒక బ్యాంకు ఆఫీసరు అపార్టుమెంటులో ఒక ఆదివారం తనే పాతది పీకి కొత్తది పెట్టుకుని, నన్ను టీకి పిలిచి మరీ చూపించాడు. రసమట్టం పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. కమోడు అడుగంతా సిమెంటు నింపడమే ఆయన చేసిన తప్పు. ఇంక దాన్ని తీయాలంటే పగలగొట్టాల్సిందే. చెబితే పడీపడీ నవ్వాడు.

నేను చెప్పేది వినండి. కమోడు మార్చడం బ్రహ్మవిద్య కాదు. తన పెళ్ళాం బిడ్డలు కూర్చుంటారని భయపడి చేసేవాడు మనలో సగం మంది కంటే శుభ్రంగా చేస్తాడు. కానీ అపార్టుమెంటులో తప్పు చేస్తే కింది ఇంట్లోకి నీళ్ళు కారతాయి, వాళ్ళు వచ్చి పోట్లాడతారు, అంతటితో సరి. పాత ఇంట్లో తప్పు చేస్తే అంతటితో సరిపోదు. ఆ తేడా చెప్పడానికే మనం ఉన్నది. కమోడు ఎవరైనా పెడతారు.

మాలలో ఉన్నప్పుడు

కమలాపురంలో మా పక్క వీధిలో సుబ్బరాయుడు సారు ఉండేవాడు. లెక్కల సారు. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు ఆయనే నేర్పాడు. రిటైరై భార్య రమణమ్మతో ఆ పాత ఇంట్లోనే ఉంటున్నాడు. కొడుకు ప్రసాద్ కర్నూలులో ఉద్యోగం. రమణమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే కడపలో ఆపరేషన్ చేశారు. ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదు అని డాక్టరు చెప్పి పంపించాడు. ఇంట్లో ఉన్నదేమో దిమ్మె మీద పాత పాను.

సారు నాకు ఫోన్ చేసేనాటికి నేను అయ్యప్ప మాలలో ఉన్నాను. ఏటా వేసేవాణ్ణి. మాలలో ఉన్న నలభై ఒక్క రోజులు కుళాయిలు, నీళ్ళ ట్యాంకులు చూసేవాణ్ణి గాని లెట్రిన్ పని ముట్టుకునేవాణ్ణి కాదు. మా పనివాళ్ళలో మాల వేసినవాళ్ళందరిదీ అదే పద్ధతి. ఊరికీ తెలుసు. నిజం చెప్పాలంటే, ఏడాదంతా ఆ కంపులో ఉండేవాడికి ఆ నలభై ఒక్క రోజులు మర్యాదగా ఉండేవి. ఎప్పుడూ "ఒరే" అనేవాళ్ళు కూడా "స్వామీ" అని పిలిచేవాళ్ళు. ఆ మర్యాద నాకు తీపిగా ఉండేది.

"స్వామీ, ఆమె నాలుగు దినాల్నుంచి సరిగ్గా తినళ్ళా" అన్నాడు సారు. "తింటే పోవల్ల గదా. మంచం మీదే పళ్ళెం పెడతాండా, నేనే తీస్తాండా. సిగ్గుతో చచ్చిపోతాండాది. నీళ్ళు గూడా తాగదు."

"మాలలో ఉండాను సార్. ఇంగ పద్దెనిమిది దినాలుండాది. కొండకు పోయొచ్చి మొదటి పని మీదే."

"పద్దెనిమిది దినాలు కడుపు మాడ్చుకోమంటావా ఆమెను?"

"ఇంగెవర్నైనా పిలుచుకో సార్."

"అందరికీ చేసినా. ఒకాయన కడపలో పెద్ద పనిలో ఉండాడంట. ఇంగొకాయన నీ మాదిరే మాలలో ఉండాడు. నేనే చేస్తా. వీడియోలు చూసినా. నువ్వు చెప్తా ఉండు, నేను చేస్తా పోతా."

ఆయన గుమ్మం దగ్గరికి పోయి నిలబడి చెప్పి ఉండొచ్చు. రెండు నిమిషాల దూరం. పోలేదు. అరుగు మీద కూర్చుని ఫోన్లో చెప్పాను. పాను చుట్టూ ఎక్కడ కొట్టాలో చెప్పాను. "అమ్మ వాకరుతో వస్తాది గదా, ఆ దిమ్మె మొత్తం కొట్టేసి నేలకు సమం చెయ్ సార్" అన్నాను. బోల్టులకు రంధ్రాలు ఎంత లోతు వేయాలో, అంచుకు తెల్ల సిమెంటు ఎట్లా పూయాలో, ఎన్ని గంటలు ఆరనివ్వాలో చెప్పాను. ఆ వీధిలో సగం లెట్రిన్లు గుంటల మీదే ఉన్నాయని నాకు తెలుసు. కమలాపురం తిరిగొచ్చిన కొత్తలో వాటిలో నాలుగైదు నేనే మరమ్మతు చేశాను. అయినా కింద ఏముందో అడగలేదు. నా చేతిలో గడ్డపార లేదు, ఫోనుంది. ఆ ప్రశ్న నా నోటికి రానేలేదు.

మరునాడు పదకొండు గంటలకు మళ్ళీ ఫోన్. గురుస్వామి ఇంట్లో పడిపూజ జరుగుతోంది, భజన మంచి ఊపులో ఉంది. ఒక చెవి మూసుకుని విన్నాను.

"స్వామీ, పాను పైకొచ్చింది. కింద పైపు కనపళ్ళా. అంతా చీకటి. శానా లోతు మాదిరి ఉండాది."

ఎదురుగా మనిషి నిలబడి ఈ మాట చెప్పి ఉంటే నేను కేక పెట్టి ఉండేవాణ్ణి. హారతి ఇచ్చే సమయమైంది, అందరూ లేస్తున్నారు.

"పాత పైపులు అట్లనే ఉంటాయి సార్. వాసన రాకుండా గుడ్డ కుక్కి పని కానీ" అని పెట్టేశాను.

సాయంత్రం ఫోటో పంపించాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, జీవితమంతా సుద్దముక్క తప్ప పట్టనివాడు, ఎంత ముచ్చటగా పెట్టాడో! కమోడు నిటారుగా ఉంది, సిమెంటు అంచు గీత గీసినట్టుంది. పక్కనున్న స్వాములందరికీ చూపించి, నేనే ఫోన్లో చెప్పి చేయించానని గొప్పలు పోయాను. ఆ మరునాడు సారు మళ్ళీ ఫోన్ చేసి, "ఈపొద్దు రెండు ముద్దలు సంగటి తినింది స్వామీ" అన్నాడు. ఆయన గొంతులో ఏడుపు వినిపించింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

మూడో రోజు పొద్దున

ఇది నేను చూసింది కాదు. పక్కింటివాళ్ళు చెప్పింది, తర్వాత రమణమ్మ చెప్పింది.

పొద్దున్నే ఆమె వాకరు పట్టుకుని పోయి కూర్చుంది. కింద కటుక్కుమంది. లేద్దామనుకునేలోపే కమోడుతో సహా నేల దిగిపోయింది. వాకరు అడ్డం పడింది, దాని కడ్డీ చంకల కింద తగులుకుని ఆమె ఛాతీ దాకా దిగి ఆగిపోయింది. కేక విని సారు పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ పట్టి లాగుతుంటే ఆయన నిలబడిన బండ కూడా విరిగింది. ఆయన్ని ఆపడానికి వాకరు లేదు. పక్కింటివాళ్ళు వచ్చి ఆమెను లాగారు. ఆయన కోసం దిగబోయిన ఒకడు గుంటలోని విషపు గాలికి కళ్ళు తిరిగి పడబోతే నడుముకున్న తాడు పట్టి పైకి లాగారు. తర్వాత ఎవరూ దిగలేదు. ఫైరింజను వాళ్ళు వచ్చి తీసేసరికి సారు లేడు.

కబురు తెలియగానే నేను పరుగెత్తాను. వీధి మలుపు దాకా పోయాను. అక్కడ నలుగురు పట్టుకుని ఆపారు. "స్వామీ, మాలలో ఉండావు, చావింటి కాడికి పోతావా? మైల గదా." ఆగిపోయాను. వాళ్ళు ఆపినందుకు నాకు లోపల హాయిగా అనిపించింది. ఇది రాయడానికే అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మాల నాకు అడ్డం రాలేదు. నేనే దాని వెనక దాక్కున్నాను.

ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండకు కూడా పోయొచ్చాను. పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. స్వామి ముందు నిలబడి ఏమీ అడగలేకపోయాను. తిరిగొచ్చాక మళ్ళీ మాల వేయలేదు.

ఊరన్న మాట

ఊరు ఊరంతా ఒకటే అనుకుంది. సారు సెల్లులో వీడియోలు చూసి, ఏమీ తెలియకుండా చేసి, భార్యను చంపబోయి తను పోయాడని. టీకొట్టు దగ్గర ఆ మాట వచ్చినప్పుడల్లా నా ముఖం చూసేవాళ్ళు, పని తెలిసినవాణ్ణి కదా. నేను తల ఊపేవాణ్ణి. "మన పని మనం చేయల్లప్పా, సార్లు చేస్తే ఇట్లనే అయితాది" అని ఒకసారి నోటితో కూడా అన్నాను. ఫోన్లో చెప్పింది నేనని ఆ స్వాములకు తెలుసు. వాళ్ళలో ఒక్కడు కూడా బయట అనలేదు, నామీద జాలిపడ్డారు. ఆ జాలి ఏం చేసుకోను?

ప్రసాద్ తల్లిని కర్నూలుకు తీసుకుపోయాడు. వేసవిలో ఆమె తిరిగొచ్చింది. కొడుకు వద్దన్నా వినలేదట. నన్ను పిలవమని పక్కింటి ఆమెతో కబురు పంపింది.

రమణమ్మ అడిగిన మాట

పాత లెట్రిన్ మూసేసి, వంటింటి వెనక చిన్న గది కట్టించారు. అందులో కమోడు పెట్టాలి. ఆమె గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నేను తలెత్తి చూడలేదు. నేరుగా లోపలికి పోయి, నా చేతి అలవాటు కొద్దీ గడ్డపార తీసుకుని తట్టుకుంటూ పోయాను. టప్, టప్. కింద గట్టి నేల.

"ఏందప్పా ఆ చప్పుడు?" అంది.

"ఏం లేదమ్మా. కింద గుంట ఉండాదేమోనని చూస్తాండా. గుంటుంటే చప్పుడు మారుతాది."

 సారుకు చెప్పని మాట ఆమె ముందు అనేశానని నాకు అప్పుడు తెలిసింది. ఆమె ఒళ్ళో ఉన్న సంచిలోనుంచి ఒక బడి నోటుపుస్తకం తీసింది. సారు రాత. నేను ఫోన్లో చెప్పిన ప్రతి మాటకూ నంబరు వేసి రాసుకున్నాడు. పద్నాలుగు వరకు ఉన్నాయి. అయిపోయిన ప్రతి దానికీ పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టాడు, పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు.

"నేను దీన్ని శానాసార్లు చదివినా నాగన్నా. యాడ తప్పు చేసినాడో ఎతుకుతాండా. ఈ తట్టేది దీంట్లో లేదు. నువ్వు చెప్పింటావు, ఆయన రాసుకునేది మరిచిపోయినాడా?"

అంత సులభమైన దారి ఆమే తెరిచి పెట్టింది. అవునమ్మా అంటే అయిపోయేది. ఊరంతా నమ్మింది, ఆమె కూడా నమ్మేది, నేను చచ్చేదాకా ఎవరికీ తెలిసేది కాదు. నా నోట్లో ఆ "అవును" సిద్ధంగా ఉంది కూడా.

"లేదమ్మా" అన్నాను. "నేను చెప్పలేదు. దిమ్మె తీయమంది గూడా నేనే. కింద చీకటిగా ఉండాది అని సారు చెప్తే, గుడ్డ కుక్కి పని కానీమన్నా. సారు ఒక్క తప్పు గూడా చేయలేదు. పద్నాలుగూ సరిగ్గా చేసినాడు."

ఆమె ఏడవలేదు. నా చేతిలోని గడ్డపార వైపు చూసింది.

"ఇంతేనా?" అంది. "కడ్డీతో నాలుగు దెబ్బలు. ఇంతేనా నాగన్నా?"

"ఇంతేనమ్మా."

కొంగుతో ముఖం తుడుచుకుని, సెల్లు తీసి కొడుక్కి కలిపింది. మోగుతుండగానే నా చేతికిచ్చింది. "నాకు చెప్పిన మాట వానికి చెప్పు. ఒక్క ముక్క ఇడ్సిపెట్టొద్దు."

చెప్పాను. మాలతో మొదలుపెట్టి, ఫోటో చూపించి గొప్పలు పోయిన దాకా అంతా చెప్పాను.  తిడతాడని కాచుకున్నాను. తిడితే బాగుండేది.

"పిండం పెట్టేటప్పుడు గూడా మా నాయన్ను తిట్టినానప్పా" అన్నాడు చివరికి. "మా అమ్మను చంపబోయినాడని. పెద్దకర్మనాడు అందరి ముందరా అన్నా. ఇన్నాళ్ళూ నువ్వు ఆ ఊళ్ళోనే ఉంటివి గదా."

 ఫోను చెవి దగ్గర పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. రమణమ్మ చెయ్యి చాచి దాన్ని తీసుకుంది.

"విన్నావు గదా నాయనా" అంది కొడుకుతో. "ఇంగ మీ నాయన్ను ఏమీ అనొద్దు." ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "పో, పని చేసుకో" అంది.